మాస్టారి పదమూడో ఎక్కం

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. వయసు 68. పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయి అప్పటికి మూడు నెలలు. ట్రెడ్‌మిల్ మీద మేం నడిపిస్తుంటే అడుగు తప్పకుండా ఉండటానికి ఆయన ఎక్కాలు చెప్పుకునేవారు. కుడికాలు వేస్తూ ‘పదమూడు రెళ్లు’, ఎడమకాలు వేస్తూ ‘ఇరవయ్యారు’. గది మూలన స్టూలు మీద ఆయన భార్య. చేతిలో మంచినీళ్ల సీసా, ఒళ్లో తువ్వాలు. నేను పిన్నిగారని పిలిచేవాణ్ని.

ఓ రోజు ఎక్కం మధ్యలో ఆగిపోయింది. ‘పదమూడు ఆర్లు...’ అన్నారు. అంతే. జవాబు రాలేదు. నేను మెషీన్ మీద అంకెలు చూస్తున్నాను. వేగం సరిగ్గానే ఉంది. ఎనిమిది నిమిషాలు పూర్తయ్యాయి, ఇంకో రెండు నిమిషాలే. మనిషి నిటారుగానే ఉన్నారు. కాళ్లు కదులుతూనే ఉన్నాయి. మూలనుంచి పిన్నిగారు ఒక్క కేక పెట్టారు.

‘‘బాబూ, ఆపెయ్! ఆయనకి పదమూడో ఎక్కం రాకపోవడమేంటి?’’

ఆ తర్వాత ఏమైందో చెబుతాను. దానికంటే ముందు ఈ కథ ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో చెప్పాలి. ఈమధ్య ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ‘‘మా నాన్నగారికి పక్షవాతం. తాళ్లకు వేలాడదీసి మెషీన్ మీద నడిపిస్తామంటున్నారు. నాన్నకి భయం, అమ్మకి ఇంకా భయం. పక్కన నిలబడి మేం చెయ్యగలిగింది ఏమైనా ఉందా? లేక బయట కూర్చోవాలా?’’ అని. బయట కూర్చోవద్దమ్మా. ఎందుకు కూర్చోకూడదో చెప్పడానికే ఈ వారం కాలమ్.

తాళ్లు ఏం చేస్తాయి?

ముందు ఆ ఏర్పాటు ఏమిటో చూద్దాం. కింద మామూలు ట్రెడ్‌మిల్ లాంటిదే ఉంటుంది. కాకపోతే బాగా నెమ్మదిగా కూడా తిరుగుతుంది. పైన ఇనుప చట్రం. దాన్నుంచి వేలాడే కొక్కేలకు హార్నెస్ తగిలిస్తారు. ఛాతీ కిందనుంచి నడుము దాకా బిగుతుగా పట్టే జాకెట్టు, తొడల మధ్యనుంచి వచ్చే రెండు పట్టీలు కలిసి హార్నెస్ అన్నమాట. మనిషిని గాల్లోకి ఎత్తడం దీని పని కాదు. ఒంటి బరువులో కొంత భాగాన్ని తను మోసి, మిగతాది కాళ్లకు వదిలిపెడుతుంది.

మాస్టారి బరువు 70 కిలోలు. మొదట్లో 40 శాతం మెషీన్ మోసేది. అంటే 28 కిలోలు తాళ్ల మీద, 42 కిలోలు పాదాల మీద. కాలు బలం పుంజుకునే కొద్దీ ఆ 40ని 30కి, 20కి తగ్గించుకుంటూ వస్తారు. చివరికి తాళ్లు వదులుగా, పడిపోతే ఆపడానికి మాత్రమే ఉండాలి. ‘కష్టంగా ఉందండీ, ఇంకొంచెం పైకి లాగండి’ అని అడిగేవాళ్లుంటారు. సగం బరువుకు మించి ఎత్తేస్తే మడమ ఆనదు, మునివేళ్లతో తాకుతూ తేలిపోతుంటారు. అది చూడ్డానికి నడకలా ఉంటుందేగానీ నడక కాదు. కాలు బరువు మోస్తేనే దానికి నడక గుర్తొస్తుంది.

ఈ ఆలోచన వెనక ఒక చరిత్ర ఉంది. కెనడాలోని మాంట్రియల్‌లో బార్బో, రోసిన్యోల్ అనే శాస్త్రవేత్తలు వెన్నుపాము తెగిన పిల్లుల మీద చేసిన పరిశోధనను 1987లో ప్రచురించారు. ట్రెడ్‌మిల్ మీద రోజూ సాధన చేయిస్తే వాటి వెనక కాళ్లు మళ్లీ అడుగులు వేశాయి. మెదడు నుంచి ఆజ్ఞ అందకపోయినా, పాదానికి నేల తగలడం, తుంటి వెనక్కి సాగడం వంటి కబుర్లు అందితే వెన్నుపాము అడుగుల లయను పట్టుకోగలదని తేలింది. మనిషి విషయం అంత తేలిక కాదు. మనకు మెదడు సాయం కూడా కావాలి. అయినా 1998లో అదే నగరంలో పక్షవాతం వచ్చిన 100 మందితో ఒక పరిశీలన చేశారు. సగం మందిని 40 శాతం దాకా బరువు తగ్గించి, మిగతా సగం మందిని పూర్తి బరువుతో ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. ఆరు వారాల తర్వాత బరువు తగ్గించినవాళ్ల నడక వేగం, నిలకడ మెరుగ్గా ఉన్నాయి. ఇలాంటి ఫలితాల తర్వాతే ఈ చట్రాలు ఆసుపత్రుల్లోకి వచ్చాయి.

ముగ్గురు మనుషులు, ఒక నడక

నడక బాగా దెబ్బతిన్న మనిషిని ఎక్కించినప్పుడు ఆయన చుట్టూ ముగ్గురుండాలి. ఒకరు బెల్టు పక్కన పొట్టి స్టూలు మీద కూర్చుని పడిపోయిన కాలి సంగతి చూస్తారు. అడుగు మీద బరువు పడినప్పుడు మోకాలు ముందుకు కూలిపోకుండా, వెనక్కి విరుచుకుపోకుండా కాయాలి. చెయ్యి మోకాలిచిప్ప మీద కాదు, దాని కింద ఉండాలి. కాలు ముందుకు వచ్చేటప్పుడు మోకాలి వెనక చిన్న ఊతం, చీలమండ దగ్గర దారి చూపడం. మడమ ముందు ఆనాలి, వేళ్లు ఈడ్చకూడదు.

రెండోవారు వెనక నిలబడి రెండు తుంటి ఎముకల మీదా చేతులు పెడతారు. బరువు కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి మారేలా చూస్తారు. మూడోవారు ముందు నిలబడతారు. మీటలు, వేగం, ఎర్ర బటన్ ఆయన చేతిలో. ఆయన చూడాల్సింది మాత్రం మీటల్ని కాదు, ఎదురుగా ఉన్న ముఖాన్ని. ఆ రోజు మూడో స్థానంలో ఉన్నది నేనే. నేను చూసింది అంకెల్ని.

సాయం చేసేవాళ్ల ఒళ్లూ ముఖ్యమే. గంటల తరబడి వంగి కాలు పట్టేవాడి నడుము, మణికట్టు త్వరగా పోతాయి. స్టూలు ఎత్తు సరిచేసుకోవాలి. కొద్ది నిమిషాలకోసారి ఆగాలి, వీలైతే చోట్లు మార్చుకోవాలి. అలిసిన చెయ్యి పట్టు బిగిస్తుంది. స్పర్శ లేని కాలిని గట్టిగా పట్టుకుంటే కమిలిపోతుంది, రోగికి తెలియదు కూడా. కదిలే బెల్టుకీ చట్రానికీ మధ్య వేళ్లు పోనివ్వకూడదు. ‘నేను కూడా ఓ చెయ్యి వేస్తా’ అని ఇంట్లోవాళ్లు ఉత్సాహంతో కాలు పట్టుకోవద్దు. ఆ పని నేర్చుకుని చెయ్యాల్సింది. మీ పని వేరే ఉంది. అక్కడికే వస్తున్నాను.

ఎక్కక ముందు

బయల్దేరేటప్పుడే జాగ్రత్త మొదలవుతుంది. పంచె, లుంగీ, చీర వద్దు. అంచు బెల్టులోకి పోతే ప్రమాదం. నూలు ట్రాక్‌ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా మంచిది. ఆడవాళ్లయితే చున్నీ లేని చుడీదారు వేసుకుని, జడ పైకి ముడుచుకోవాలి. మొలతాడు, మెడలో గొలుసులు, నల్లపూసలు పట్టీల కింద ఒత్తుకుంటాయి. మంగళసూత్రం తియ్యడం ఇష్టం లేనివాళ్లు దాన్ని జాకెట్టు కిందకి రాకుండా పైకి సర్దుకుని, ఆ మాట ఫిజియోకి చెప్పండి. చెప్పులు అసలే వద్దు. మడమను పట్టి ఉంచే బూట్లు వేసుకోవాలి. కొత్తవి కరుస్తాయి కాబట్టి ఇంట్లో ముందు అలవాటు చేసుకోవాలి.

మూత్రం గొట్టం ఉంటే సంచి ఖాళీ చెయ్యండి. గొట్టం మెలిక పడకుండా, తొడ పట్టీ కింద నలగకుండా చూడాలి. పిరుదుల దగ్గర, గజ్జల్లో, నడుము దగ్గర పుండు గానీ ఎర్రదనం గానీ ఉంటే దాచొద్దు. హార్నెస్ సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది. పిక్క ఒకవైపు వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఆ రోజు నడక మానేసి ముందు డాక్టరుకు చూపించాలి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

బీపీ చూడకుండా ఎవరినీ ఎక్కించకూడదు. కూర్చుని ఉన్నప్పుడే పై అంకె 200 గానీ కింది అంకె 110 గానీ దాటితే ఆ రోజు వ్యాయామం వద్దన్నది సాధారణ నియమం. మీ డాక్టరు ఇంకా తక్కువ హద్దు పెట్టి ఉంటే అదే లెక్క. కూర్చున్నప్పుడొకసారి, నిలబెట్టాక ఒకసారి చూడటం మంచిది. చాలాకాలం మంచంలో ఉన్నవాళ్లకు నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవాళ్లకు నాడి ఎంత శ్రమపడినా పెద్దగా పెరగదు. వాళ్లకు నాడి లెక్క ఒక్కటే నమ్ముకోకూడదు. ‘ఎంత కష్టంగా ఉంది?’ అని అడగాలి.

కట్టేటప్పుడు

జాకెట్టు కూర్చునో పడుకునో ఉన్నప్పుడు తొడిగించి, నిలబడ్డాక మళ్లీ బిగించాలి. వదులుగా ఉంటే బరువు ఎత్తగానే అది పైకి జరిగి చంకల్లో ఇరుక్కుంటుంది. పక్షవాతం వచ్చిన వైపు భుజం అసలే బలహీనం, కీలు జారిపోవచ్చు. మరీ బిగిస్తే ఊపిరి ఆడదు. ఒక గట్టి శ్వాస తీసుకోమనండి. సుఖంగా తీసుకోగలిగితే సరే. రెండు తొడల పట్టీలూ సమానంగా ఉన్నాయా, మడత పడ్డాయా, మగవాళ్లకు సున్నితమైన చోట ఒత్తుతున్నాయా? సిగ్గుపడి చెప్పని విషయాలివే. అడిగి తెలుసుకోవాలి. పడిపోయిన చెయ్యి గాల్లో ఊగుతూ వేలాడకూడదు, దానికీ ఆసరా కావాలి.

కొక్కేలు అన్నీ పడ్డాయో లేదో ఒకరు చూస్తారు, రెండోవారు మళ్లీ చేత్తో లాగి చూస్తారు. ఒకరు చూశారు కదా అని రెండోవారు ఊరుకోకూడదు. ఎర్ర బటన్ ఎక్కడుందో గదిలో ఉన్న అందరికీ తెలియాలి. మీకూ తెలియాలి. మొదటి రోజే అడగండి, ‘ఎక్కడ నొక్కితే ఆగుతుంది?’ అని.

ఎడమవైపు పడిపోయినవాళ్లలో ఎక్కువమంది మాట్లాడగలరు. కుడివైపు పడిపోయినవాళ్లలో చాలామందికి మాట పోతుంది. అలాంటప్పుడు ఎక్కకముందే ఒక సైగ అనుకోవాలి. ఎడమచెయ్యి పైకెత్తితే ఆపేయాలి. ఆ సైగను ఒకసారి చేయించి చూసుకున్నాకే బెల్టు తిప్పాలి.

నడిచేటప్పుడు

మొదటి రోజు రెండు మూడు నిమిషాలు నడిచి ఆగినా తప్పు లేదు. నడుమనడుమ విశ్రాంతి ఇస్తూ మొత్తం నిమిషాలు పెంచుకుంటూ పోతారు. బాగా నెమ్మదిగా మొదలుపెట్టి, అడుగు తీరు చెడకుండా ఉన్నంతవరకు వేగం పెంచుతారు. ఒకే రోజు వేగమూ పెంచి, తాళ్ల సాయమూ తగ్గించాలని చూడకూడదు. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి.

చేతులతో ముందు కడ్డీని గట్టిగా పట్టుకుని దాని మీద వాలితే బరువంతా చేతుల మీదకి పోతుంది. ఆనించడం వరకే మంచిది. తల వంచి పాదాలు చూసుకోవద్దు. ఎదురుగా అద్దం ఉంటే అందులో చూసుకోవచ్చు. ‘ఊఁ... నడువు, నడువు, ఇంకొంచెం’ అని ఇంట్లోవాళ్లు నాలుగు వైపుల నుంచీ అరవద్దు. లెక్క చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి.

ఆ రోజు ఏం జరిగింది?

పిన్నిగారి కేకకు బెల్టు ఆపాను. మాస్టారి ముఖం చూశాను. నుదుటి మీద చెమట. మేం రోజూ తుడిచే వెచ్చటి చెమట కాదు, చల్లటిది. పెదాలు పాలిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయిగానీ నన్ను చూడటం లేదు. వెనకాల కుర్చీ పెట్టి, తాళ్లు దించి కూర్చోబెట్టాం. జాకెట్టు వదులు చేశాం. వేలు గుచ్చి షుగరు చూస్తే 52. ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ. పిలిస్తే పలుకుతున్నారు, గుటక వేయగలుగుతున్నారు కాబట్టి గ్లూకోజు నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాం. పావుగంటకి మళ్లీ చూస్తే షుగరు పెరిగింది. అప్పుడు ఆయన నోట వచ్చిన మొదటి మాట, ‘‘డెబ్భై ఎనిమిది.’’

పిన్నిగారు నవ్వారు, ఆ వెంటనే తువ్వాలులో ముఖం దాచుకున్నారు.

అది కార్తీక సోమవారం. మాస్టారు ఉపవాసం. పొద్దున్న షుగరు బిళ్ల మాత్రం అలవాటు ప్రకారం వేసుకున్నారు. కొన్ని రకాల షుగరు బిళ్లలు వేసుకుని తిండి మానేస్తే, ఆపైన వ్యాయామం చేస్తే షుగరు ఇలాగే పడిపోతుంది. ‘‘ఆ సంగతి చెప్పలేదేం పిన్నిగారూ?’’ అన్నాను. ఆవిడ కోప్పడలేదు. ‘‘మీరడగలేదు నాయనా. అవసరమైతే అడుగుతారనుకున్నా’’ అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ రోజు బీపీ చూశాం. పట్టీలు రెండుసార్లు చూశాం. కొక్కేలు లాగి చూశాం. ‘పొద్దున్న ఏం తిన్నారు మాస్టారూ?’ అన్న ఒక్క ప్రశ్న అడగలేదు. తప్పు నాదే.

ఇంకో సంగతి కూడా ఆ రోజే అర్థమైంది. మామూలు నేల మీద నడుస్తూ మనిషికి కళ్లు తిరిగితే తూలతాడు, గోడ పట్టుకుంటాడు, కూలబడతాడు. చూసేవాళ్లకు తెలిసిపోతుంది. ఇక్కడ తాళ్లు పట్టుకుని నిలబెట్టాయి గనక మాస్టారు పడలేదు. పడలేదు గనక మాకు తెలియలేదు. కాళ్లు మేం కదిలిస్తున్నాం గనక ఆగలేదు. పడకుండా కాపాడే పట్టీయే, మనిషి లోపల పడిపోతున్నాడన్న సంగతిని దాచేస్తుంది. అందుకే ఒంటిని కొక్కేనికి అప్పగించినా, ముఖాన్ని మాత్రం ఒక మనిషికి అప్పగించాలి.

ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదు? ఆయన మామూలుగా ఎలా మాట్లాడతారో, ఎప్పుడు విసుక్కుంటారో, ఏది మరచిపోరో మాకంటే మీకే బాగా తెలుసు. నాకు ఆయన మూడు వారాల పేషెంటు. ఆవిడకు నలభై ఏళ్ల మనిషి. పదమూడో ఎక్కం రాకపోవడం ఎంత పెద్ద ప్రమాద సూచనో ఆవిడకే తెలిసింది.

ఎప్పుడు ఆపమనాలి?

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ‘ఆపండి’ అనండి. మొహమాటం వద్దు.

మాట్లాడేవాళ్లు మాట మానేసినా, మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబిచ్చినా. ముఖం పాలిపోయినా, చల్లటి చెమట పట్టినా. కళ్లు తిరుగుతున్నాయన్నా, చూపు మసకేసిందన్నా. ఛాతీలో నొప్పి, బరువు, దవడలోకో చేతిలోకో లాగుతున్నట్టున్నా. రెండు మాటలు కలిపి చెప్పలేనంత ఆయాసం వచ్చినా. కాల్లో ఒక్కసారిగా కొత్త నొప్పి పుట్టినా. పాదం పక్కకు మడత పడుతున్నా, వేళ్లు ఈడుస్తున్నా.

స్పృహ తప్పినట్టు అనిపిస్తే పట్టీల్లో వేలాడుతూ ఉంచకూడదు. వెంటనే బెల్టు ఆపి, కిందకి దించి, వెల్లకిలా పడుకోబెట్టి, డాక్టర్ని పిలవాలి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు గానీ పంచదార గానీ పొయ్యకూడదు. పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి మింగడమే సరిగ్గా రాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతి కొత్తగా వంకర పోయినా, మంచి చెయ్యి కూడా బలహీనపడినా అది మళ్లీ పక్షవాతం కావొచ్చు. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. దెబ్బ ఛాతీ పైభాగంలోనో మెడలోనో తగిలినవాళ్లకు పట్టీ ఒత్తిడి, నిండిన మూత్రాశయం, మెలిక పడ్డ గొట్టం వంటి చిన్న కారణాలతో బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బకు పైభాగాన చెమటలు దీని గుర్తులు. వీళ్లను పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టాలి, పట్టీలు వదులు చెయ్యాలి, గొట్టం చూడాలి, బీపీ చూస్తూ డాక్టర్ని పిలవాలి. ఈ సంగతి ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

దిగేటప్పుడు

నడక అయిపోయిందన్న సంతోషంలోనే పొరపాట్లు జరుగుతాయి. ముందు బెల్టు పూర్తిగా ఆగాలి. తర్వాత చక్రాల కుర్చీ వెనక్కి తేవాలి, దాని బ్రేకులు వెయ్యాలి. అప్పుడు నెమ్మదిగా దించి కూర్చోబెట్టాలి. అన్నిటికంటే చివర కొక్కెం. మా గదిలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను చెప్పే సూత్రం: ‘కుర్చీ ముందు, కొక్కెం తర్వాత.’ దిగాక కొద్దిసేపు నేల కదులుతున్నట్టే ఉంటుంది కాబట్టి వెంటనే లేపి నడిపించొద్దు. మళ్లీ బీపీ చూడాలి. ఇంటికెళ్లాక గజ్జలు, నడుము, పాదాలు, మడమలు వెలుతురులో చూడండి. ఎర్రదనం కాసేపటికి పోకపోతే మర్నాడు ఫిజియోకి చెప్పండి.

ఈ మెషీన్ లేకపోతే నడక రాదా?

మా ఊళ్లో ఇది లేదే అని దిగులుపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. అమెరికాలో 408 మంది పక్షవాత రోగులతో చేసిన పెద్ద పరిశీలన ఫలితాలు 2011లో వచ్చాయి. కొందరికి రెండు నెలల తర్వాత, కొందరికి ఆరు నెలల తర్వాత ఈ మెషీన్ మీద శిక్షణ ఇచ్చారు. మూడో గుంపుకి మెషీనే లేదు. ఫిజియో ఇంటికి వచ్చి బలం, నిలకడ పెరిగే వ్యాయామాలు చేయించారు. ఏడాది తర్వాత చూస్తే మొత్తంమీద 52 శాతం మంది నడక ఒక మెట్టు పైకెక్కింది. మూడు గుంపుల మధ్యా తేడా లేదు! పైగా శిక్షణ సమయంలో కళ్లు తిరగడం, సొమ్మసిల్లినట్టవడం ట్రెడ్‌మిల్ గుంపుల్లోనే ఎక్కువ. నడక బాగా దెబ్బతిన్నవాళ్లలో త్వరగా మెషీన్ ఎక్కించినవాళ్లు ఆ ఏడాదిలో ఎక్కువసార్లు పడ్డారు కూడా.

2017లో 56 పరిశోధనలను కలిపి చూసినప్పుడూ దాదాపు ఇలాంటి మాటే తేలింది. కాస్తో కూస్తో నడవగలిగినవాళ్లకు ట్రెడ్‌మిల్ వల్ల వేగం, ఓపిక పెరగొచ్చు. అసలు నడవలేనివాళ్లను నడిపించే మంత్రం మాత్రం అందులో లేదు. కాబట్టి దగ్గర్లో ఉంటే, డాక్టరు చెబితే వాడుకోండి. లేకపోతే అప్పులు చేసి పరుగెత్తొద్దు. మంచి ఫిజియో సాయంతో ఇంట్లో రోజూ పద్ధతిగా చేసే వ్యాయామం కూడా నడక నేర్పుతుంది.

ఇంకో హెచ్చరిక. ఖర్చు తప్పుతుందని ఉయ్యాల కొక్కేనికి చీర కట్టి, చంకల కింద నుంచి తీసి నాన్నని నిలబెట్టే ప్రయత్నాలు దయచేసి చెయ్యకండి. చంకల్లో నరాలు నలుగుతాయి, భుజం జారుతుంది, ముడి ఊడితే తుంటి విరుగుతుంది. ఇంట్లో నడిపించాలంటే ఫిజియో నేర్పిన పద్ధతిలో నడుముకి బెల్టు కట్టి, బలహీనమైన వైపు పక్కనే నడవండి. చెయ్యి పట్టుకుని లాగొద్దు.

ఫైలు మొదటి పేజీ

ఆ కార్తీక సోమవారం తర్వాత మా గదిలో రెండు మార్పులు వచ్చాయి. ఫైలు మొదటి పేజీలో, బీపీ కంటే పైన, నాలుగు ప్రశ్నలు రాసుకున్నాం. ఈ పూట ఏం తిన్నారు? ఏ మందులు వేసుకున్నారు, ఏవైనా మారాయా? రాత్రి నిద్ర పట్టిందా? కొత్తగా ఎక్కడైనా నొప్పి ఉందా? జవాబులు రోగితోపాటు ఇంటివాళ్లనీ అడుగుతాం. రెండో మార్పు, మూలనున్న స్టూలుని ముందుకు తెచ్చి, మనిషి ముఖం కనిపించే చోట వేశాం. ‘ఆపండి’ అన్న మాట ఆ స్టూలు మీంచి వస్తే ఎందుకని అడగం. ముందు ఆపుతాం, తర్వాత అడుగుతాం.

మాస్టారు మళ్లీ వచ్చారు. డాక్టరు షుగరు మందు సర్దుబాటు చేశారు. ఉపవాసాల రోజుల్లో నడక సెలవు అని పిన్నిగారే తేల్చేశారు. తాళ్ల సాయం 40 నుంచి 10 శాతానికి వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. ఆయన మునుపటి మనిషి కాలేదు. ఎడమ చెయ్యి పెద్దగా రాలేదు. కానీ చేతికర్రతో వరండా దాటి గేటు దాకా వెళ్లి, పేపరు తనే తెచ్చుకునేవారు. వెనకాల రెండడుగుల దూరంలో పిన్నిగారు నడిచేవారు.

ఉత్తరం రాసిన చెల్లెమ్మా, మీ అమ్మగారిని బయట కూర్చోబెట్టకండి. లోపలికి తీసుకెళ్లండి. ఫిజియోని అడిగి ముందు స్టూలు మీద కూర్చోబెట్టండి. మీ నాన్నగారు నడుస్తూ ఏం చెబుతారో నాకు తెలియదు. ఎక్కాలు కావొచ్చు, విష్ణు సహస్రనామం కావొచ్చు, పాత సినిమా పాట కావొచ్చు. అది ఎక్కడ తప్పకూడదో మీ అమ్మగారికి తెలుసు.